అరచేతికంటిన పొడి

పొద్దున్నే మెట్ల పక్క గోడకు చెయ్యి ఆనించి చెప్పులు వేసుకుంటుంటే అరచెయ్యంతా తెల్లగా అయింది. దులుపుకుంటే పోయింది కానీ, నేను బయటికి వెళ్లడం ఆపి మళ్లీ గోడ దగ్గరికే వచ్చాను. ఈసారి కావాలనే ఇంటి చుట్టూ తిరుగుతూ ప్రతి గోడ మీదా చెయ్యి పెట్టి గట్టిగా ఒక్కసారి రుద్ది చూశాను. పడమటి గోడ దగ్గర సుద్దముక్క పట్టుకున్నట్టు పొడి అంటింది. తూర్పు గోడ దగ్గర కొంచెం. ఉత్తరం వైపు ఏమీ లేదు, చేతికి చల్లగా తగిలిందంతే. ఒకే ఇల్లు, ఒకే డబ్బాల్లోంచి ఒకే వారంలో వేసిన రంగు. మూడు గోడలు మూడు రకాలుగా ఉన్నాయి.

ఈ అలవాటు నాకు ఊరికే రాలేదు. అంతకుముందోసారి రంగు వేయించినప్పుడు జరిగిన పొరపాటు నేర్పింది.

అప్పట్లో లెక్క చాలా సులువుగా ఉండేది. ఐదేళ్లయింది, కాబట్టి మళ్లీ వేయించాలి. పని ఒప్పుకున్న కాంట్రాక్టరు కూడా వీధిలోనే నిలబడి ఇల్లు ఒకసారి చూసి, "ఐదేళ్లయిందిగా అమ్మా, వేయించెయ్యండి" అన్నాడు. నేనూ సరేనన్నాను. వారంలో పని అయిపోయింది, ఇల్లు కళకళలాడింది. ఆ తర్వాత వచ్చిన మొదటి వానలకే స్నానాల గది వెనక గోడ మీద బుడగలు లేచాయి. వానలు తగ్గేలోపు అవి పగిలి పెచ్చులుగా వేలాడటం మొదలైంది.

ఒక పెచ్చు పట్టుకుని లాగాను. అరచెయ్యంత ముక్క తోలులాగా మెత్తగా ఊడొచ్చింది. అంచు వైపు నుంచి చూస్తే ఇంటి పాత రంగులన్నీ వరసగా కనిపించాయి. పైన కొత్త లేత పసుపు, దాని కింద వెలిసిన నీలం, దాని కింద గంధం రంగు. వెనక్కి తిప్పితే ఇసుక రేణువులు అతుక్కుని ఉన్నాయి, తడితడిగా. అంటే కొత్త రంగు పాత రంగును వదల్లేదు. పాత రంగు దాని కింద రంగును వదల్లేదు. అన్నీ కలిసికట్టుగా గోడనే వదిలేశాయి, పోతూ పోతూ కొంత ప్లాస్టరింగ్‌ను కూడా పట్టుకొచ్చాయి. రంగులో తప్పేమీ లేదు. గోడ లోపలి నుంచి నీళ్లు తోసుకొస్తున్నాయి, నేను డబ్బు పెట్టి ఆ నీళ్లకు మూత వేయించాను.

అందుకే "బయటి గోడలకు ఎన్నేళ్లకోసారి రంగు వేయించాలి?" అని ఎవరైనా అడిగితే ఏళ్ల లెక్క చెప్పడానికి నాకు మనసొప్పదు. ఏ గోడ, దానికి ఏమైంది, ఎందుకైంది అన్న మూడూ తేలకుండా ఏళ్లు లెక్కపెట్టి రంగు వేయిస్తే సగంసార్లు అవసరం లేనిచోట వేయిస్తాం, మిగతా సగంసార్లు వేయకూడనిచోట వేయిస్తాం.

అసలు గోడ మీద రంగు ఎంత మందం ఉంటుందో ఒకసారి లెక్క వేసుకుంటే ఈ సంగతి బాగా తెలుస్తుంది. ఒక లీటరు రంగును 10 చదరపు మీటర్లకు పూస్తే తడిగా ఉన్నప్పుడు ఆ పొర 100 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతు. ఆరిపోయాక అందులో 40 శాతం మిగిలిందనుకుందాం, 40 మైక్రాన్లు. రెండు కోట్లు, అంటే రెండు పొరలు, వేస్తే 80 మైక్రాన్లు. మన తలవెంట్రుక మందం కూడా ఇంచుమించు అంతే. ఏడాది పొడవునా ఎండకీ వానకీ ఎదురు నిలబడేది ఆ వెంట్రుక మందమే. పైగా అన్ని గోడలకూ ఎండ ఒకేలా తగలదు. మధ్యాహ్నం దాటాక వేడెక్కిన గాలిలో, ఎదురెండలో మాడేది పడమటి గోడ. చెట్టు నీడలో ఉన్నదానికి ఆ బాధ లేదు కానీ, దానికి తడి ఆరదు, నాచు పడుతుంది. ఇద్దరికీ ఒకే మందు రాసిచ్చే డాక్టరును మనం నమ్మం కదా, మరి గోడల విషయంలో ఎందుకు నమ్ముతాం?

శాన్‌ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ వంతెన గురించి చాలామంది ఒక మాట చెప్పుకుంటారు. ఈ చివరి నుంచి ఆ చివరికి రంగు వేయడం పూర్తయ్యేసరికి మొదటి చివర మళ్లీ పాడైపోతుందట, అందుకే ఆ పని ఎప్పటికీ అవ్వదట. నిజం అది కాదు. అక్కడ పెయింటర్లు ఎప్పుడూ పనిలోనే ఉంటారు కానీ వరసపెట్టి వేసుకుంటూ పోరు, తుప్పు ఎక్కడ ఎక్కువగా ఉందో చూసి అక్కడ వేస్తారు. సముద్రపు గాలికి ఎదురుగా నిలబడిన అంత పెద్ద ఇనుప వంతెననే చోటు చోటూ చూసి కాపాడుకుంటున్నప్పుడు, నాలుగు గోడల ఇంటిని నాలుగు గోడలుగా చూడటం పెద్ద పనేమీ కాదు.

ఇక గుర్తుల సంగతి. అందరూ మొదట చూసేది రంగు వెలియడం. నా దృష్టిలో అన్నిటికంటే తక్కువ పట్టించుకోవాల్సింది అదే. ముదురు ఎరుపు, పసుపు లాంటి రంగుల్లో వాడే సేంద్రియ వర్ణకాలు, అంటే కార్బన్ సమ్మేళనాలతో చేసిన రంగుపొడులు, చాలావరకు ఎండకు త్వరగా పాలిపోతాయి. ఇనుము ఆక్సైడుతో చేసిన కావి, గోధుమ రంగులు చాలా కాలం నిలుస్తాయి. కాబట్టి వెలిసిపోవడం మనం ఏ రంగు ఎంచుకున్నాం అన్నదాని మీద కూడా ఆధారపడి ఉంటుంది. కళ తప్పినా పొర గట్టిగా ఉండి నీళ్లను ఆపుతున్నంతకాలం గోడకు నష్టం లేదు. చూడ్డానికి బాగాలేదని వేయించుకుంటే తప్పు కాదు, అది మన ఇష్టం. కానీ దాన్ని అవసరం అనకూడదు.

అసలు అవసరం మొదలయ్యేది అరచేతికి పొడి అంటినప్పుడు. రంగులో తెల్లదనం కోసం టైటానియం డయాక్సైడ్ కలుపుతారు. ఆ రేణువులన్నిటినీ ఒకదానికొకటి, గోడకీ పట్టి ఉంచే జిగురు వేరే ఉంటుంది, నీళ్లు కలిపి వేసే ఎమల్షన్ రంగుల్లో అది ఎక్కువగా యాక్రిలిక్ అనే ఒక రకం ప్లాస్టిక్. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఏళ్ల తరబడి ఆ జిగురును విరగ్గొడుతుంటాయి. గాలీ తేమా తోడైతే ఆ టైటానియం రేణువుల పైభాగమే జిగురును ఇంకా త్వరగా తినేస్తుంది. అందుకే మంచి బయటి రంగుల్లో తక్కువ చురుకైన రూటైల్ రకాన్ని వాడతారు, రేణువుల మీద సిలికా, అల్యూమినా పూత కూడా వేస్తారు. ఎంత చేసినా జిగురు పోతూనే ఉంటుంది, పట్టు తప్పిన రేణువులు పొడిగా మిగులుతాయి. చేతికి అంటేది అదే.

కొంచెం పొడి అంటితే కంగారు పడక్కర్లేదు. చెయ్యి తెల్లబారేంత అంటితే మాత్రం ఆ గోడకు రోజులు దగ్గరపడ్డాయి. ఇంకో సంగతి, ఆ పొడి మీద నేరుగా కొత్త రంగు వేస్తే అది గోడను కాదు, పొడిని పట్టుకుంటుంది. పొడి పోయేదాకా కడిగి, ఆరనిచ్చి, రంగు పట్టు కోసం అడుగున వేసే ప్రైమర్ పూత వేసి అప్పుడు వెయ్యాలి.

పెచ్చులు లేచిన గోడను బాగు చేయడానికి తర్వాత ఒక పెద్దాయన, మేస్త్రి, వచ్చారు. ఆయన రంగు మాటే ఎత్తలేదు. చెంబుతో నీళ్లడిగి తెప్పించుకుని ముందువైపు గోడ మీద చల్లారు. నీళ్లు చారలుగా జారిపోయాయి. తర్వాత పడమటి గోడ మీద చల్లారు. ఇక్కడ నీళ్లు పడినచోటల్లా గోడ నల్లబడి, మరకలాగా మెల్లగా వెడల్పయింది. "చూడండమ్మా, ఈ గోడ నీళ్లు తాగుతోంది. ఆ గోడ తాగట్లేదు. తాగే గోడకి వెయ్యాలి రంగు" అన్నారు. "మరి స్నానాల గది వెనకది?" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "అది బయటి నుంచి తాగట్లేదమ్మా, లోపల నుంచి కక్కుతోంది. దానికి ముందు ప్లంబర్ని పిలవండి."

నాకు తెలిసిన సలహాల్లో దానికి మించింది లేదు.

గోడ తాగుతోందా, కక్కుతోందా అన్నది తేల్చుకోవడానికి కొన్ని ఆనవాళ్లున్నాయి. బుడగ లేచిందనుకోండి, దాన్ని చాకుతో కోసి లోపల చూడాలి. అడుగున ప్లాస్టరింగ్ కనిపిస్తే నీళ్లు వెనక నుంచి వస్తున్నట్టు. అడుగున పాత రంగు కనిపిస్తే పై పొర మాత్రమే లేచింది. మండుటెండలో వేడి గోడ మీద రంగు వేస్తే పైన ముందు ఆరిపోయి లోపల ఆవిరి చిక్కుకుంటుంది, ఇది ఎక్కువగా అలా వస్తుంది. గోడ మీద తెల్లగా ఉప్పు పూసినట్టు కనిపిస్తే అది దాదాపు ఎప్పుడూ నీటి గురించి చెప్పేదే. ఇటుకలోనూ సిమెంటులోనూ ఉన్న లవణాలను నీళ్లు కరిగించి పైకి తెస్తాయి, నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు మిగిలిపోతుంది. దాన్ని పొడి బ్రష్‌తో దులిపెయ్యాలి. నీళ్లతో కడిగితే సగం మళ్లీ కరిగి గోడలోకే పోతుంది. దులిపాక మళ్లీ వచ్చిందంటే నీళ్లు ఇంకా వస్తున్నాయన్నమాట, అప్పుడు ఎంత ఖరీదైన రంగు తెచ్చినా నిలవదు. గోడ అడుగున నేల నుంచి రెండు మూడడుగుల ఎత్తు దాకా చెమ్మ ఒకే గీత గీసినట్టు ఆగిందంటే అది నేలలోంచి ఎక్కుతున్న తడి.

అనుమానం ఉంటే ఒకటిన్నర అడుగు చదరం ప్లాస్టిక్ కవరు గోడకు నాలుగువైపులా టేపుతో గాలి దూరకుండా అంటించి ఒక రోజు వదిలెయ్యండి. విప్పి చూసినప్పుడు గోడకు ఆనిన వైపు నీటి చుక్కలు ఉంటే తడి గోడలోంచే వస్తోంది. ఖర్చు లేని పరీక్ష ఇది. నేను అప్పుడే చేసి ఉంటే ఒకసారి రంగు ఖర్చు పూర్తిగా మిగిలేది, గోడ చెక్కి మళ్లీ ప్లాస్టరింగ్ చేయించే బాధా తప్పేది.

నల్లటి మరకల గురించి ఒక మాట. దుమ్ము కావచ్చు, నాచో బూజో కావచ్చు. మరక మీద బట్టల బ్లీచ్ ఒక చుక్క వేసి ఒకట్రెండు నిమిషాలు చూడండి. నలుపు తేలిపోతే అది ప్రాణమున్నది, కడగడంతో పాటు దాన్ని చంపాలి కూడా. మారకపోతే మట్టి, సబ్బు నీళ్లు చాలు. బ్లీచ్‌లో అమ్మోనియా ఉన్నదేదీ, యాసిడ్ ఉన్నదేదీ కలపకండి, విషవాయువులు వస్తాయి. ఉత్తరం గోడ నల్లగా ఉందని రంగు వేయించడానికి సిద్ధపడిన వాళ్లు ఒకసారి కడిగించి చూస్తే ఆశ్చర్యపోతారు, కింద రంగు చాలాసార్లు చెక్కుచెదరకుండా ఉంటుంది.

పగుళ్ల దగ్గర మాత్రం కాస్త ఆగాలి. ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు, కొన్నిసార్లు ప్రమాదకరంగా. ప్లాస్టరింగ్ ఆరేటప్పుడు ముడుచుకుని వలలాగా వచ్చే సన్న నెర్రెలు వేరు, కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకే బీట వేరు, ఇటుకల వరసను పట్టుకుని మెట్లు మెట్లుగా దిగే పగులు వేరు. బ్రిటన్ భవన పరిశోధన సంస్థ పగుళ్లను వెడల్పును బట్టి విడగొట్టింది. ఆ లెక్కలో 1 మిల్లీమీటరు దాకా ఉన్నవి మామూలుగా రంగు వేసేటప్పుడే సర్దుకునేవి. 5 మిల్లీమీటర్లు దాటినవి తాపీ మేస్త్రి చేత తెరిపించి బాగు చేయించాల్సినవి. అయితే వెడల్పు కన్నా ముఖ్యం అది పెరుగుతోందా లేదా అన్నది. పగులు చివర పెన్సిల్‌తో అడ్డంగా గీత గీసి పక్కన తేదీ వెయ్యండి. కొన్ని నెలల తర్వాత పగులు ఆ గీత దాటితే పెయింటర్‌ని కాదు, ఇంజినీరును పిలవాలి. సాగే గుణమున్న మందపాటి రంగులు సన్న నెర్రెలను బాగానే కప్పుతాయి, ఆ మేరకు మంచివే. కదులుతున్న పగులును వాటితో కప్పితే మనకు కనిపించాల్సింది కనిపించకుండా పోతుంది.

సన్‌షేడ్ అడుగున తుప్పు మరక కనిపించినా అంతే. కాంక్రీటులో ఇనుము తుప్పు పట్టినప్పుడు ఆ తుప్పు అసలు ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది, దాంతో కాంక్రీటును లోపల నుంచి పగలగొట్టుకుని బయటికొస్తుంది. కింద ఎప్పుడూ మనుషులు తిరిగే చోట ఆ మరక మీద పుట్టీ పెట్టి రంగు వేసి కప్పెయ్యడం నా దృష్టిలో నేరంతో సమానం. ఇది నేను కోపంగానే రాస్తున్నాను. వేలితో కొడితే బోలు శబ్దం వస్తున్న సన్‌షేడ్‌ను కూడా నున్నగా తీర్చి, రంగు వేసి, ఫోటో తీసి పంపేవాళ్లున్నారు.

కిటికీ చట్రాలు, గ్రిల్స్, గేటు ఎప్పుడూ గోడల కంటే ముందే పాడవుతాయి. వాటికి గోడల దాకా ఆగకూడదు. గ్రిల్ కింద గోడ మీద గోధుమ రంగు చార కనిపించిన రోజే తుప్పు గీకించి ప్రైమర్ వేయించెయ్యాలి. చెక్క అయితే కింది అంచులు, అతుకులు చూడాలి, నీళ్లు నిలిచేది అక్కడే.

"ఇదంతా ఎందుకు, రంగే కదా, అవసరం లేకపోయినా ఇంకో కోటు పడితే గోడకు మంచిదేగా?" అని మా ఇంట్లోనే అడిగారు. మంచిది కాదు. ప్రతి కొత్త కోటు ఆరేటప్పుడు ముడుచుకుంటూ కింద ఉన్నదాన్ని లాగుతుంది. అడుగు పొర సున్నమైతే ఆ లాగుడుకు అది తట్టుకోలేదు, సున్నం మీద ఎమల్షన్ పెచ్చులుగా ఊడేది అందుకే. పొరలు మందమయ్యేకొద్దీ గోడలోని ఆవిరి బయటికి రావడం కూడా కష్టమవుతుంది. కొత్త కోటును మొయ్యగల బలం పాత పొరకు ఉందో లేదో ముందే చూసుకోవాలి. బ్లేడుతో గళ్లు గళ్లుగా సన్నగా గీసి, దాని మీద మంచి పట్టున్న టేపు అంటించి గట్టిగా రుద్ది ఒక్కసారిగా లాగండి. రంగుల పరిశ్రమలో దీన్ని కొలతలతో పక్కాగా చేస్తారు, మనకు ఇంటి పద్ధతి చాలు. టేపుతో గళ్లకు గళ్లే ఊడొస్తే దాని మీద ఇంకేం వేసినా దానితోపాటే ఊడుతుంది. ముందు గీకించాలి.

అలాగని మరీ ఆలస్యం చేయమనీ నేను అనను. పొడి రాలడానికీ పెచ్చులు లేవడానికీ మధ్య ఒక కాలం ఉంటుంది. రంగు వేయించాల్సింది ఆ కాలంలో. అప్పుడైతే కడగడం, ప్రైమర్, రెండు కోట్లు, పని అయిపోతుంది. పెచ్చులు లేచేదాకా ఆగితే గీకడం, పుట్టీ, ప్లాస్టరింగ్ అతుకులు అన్నీ చేరి రంగు కంటే గోడను సిద్ధం చేయడానికే ఎక్కువ ఖర్చవుతుంది. ఆ మధ్యకాలం ఏ గోడకు ఎప్పుడొస్తుందో క్యాలెండర్‌కు తెలియదు కాబట్టే ఏటా ఒకసారి, వానలు వెలిశాక, ఇంటి చుట్టూ తిరగమంటున్నాను. పిట్టగోడ పైభాగం, నీళ్ల గొట్టాల అతుకులు, కిటికీ చుట్టూ సీలెంటు, సన్‌షేడ్ మీద నీళ్లు నిలుస్తున్నాయా అన్నది, ఇవి ముందు చూసి తర్వాత రంగు వైపు చూడండి.

గీకడం గురించి ఒక హెచ్చరిక. పాత ఇళ్ల రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. 1921లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ భవనాల లోపలి రంగుల్లో తెల్లసీసం (సీసంతో చేసే తెల్ల రంగుపొడి) వాడకాన్ని అడ్డుకునే ఒడంబడిక చేసింది. అయినా ఆ తర్వాత దశాబ్దాల పాటు చాలాచోట్ల సీసం కలిపిన రంగులు వాడుతూనే వచ్చారు. పిల్లలకు ఇంత సీసం పరవాలేదు అనే హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పాత రంగును పొడిగా రుద్దితే ఆ దుమ్ము కిటికీల్లోంచి ఇంట్లోకే వస్తుంది. అనుమానం ఉంటే పరీక్ష చేయించండి, తడిపి గీకించండి, పిల్లల్నీ గర్భిణుల్నీ ఆ చుట్టుపక్కలకు రానివ్వకండి. గీకే మనిషికి మంచి మాస్కు ఇవ్వడం కూడా ఇంటివాళ్ల బాధ్యతే.

స్నానాల గది వెనక గోడ సంగతి చెప్పాలి. లోపల గోడలో పైపు అతుకు దగ్గర సన్నగా కారుతోంది. ప్లంబర్ దాన్ని మార్చాక, ఊడిపోయిన ప్లాస్టరింగ్ చెక్కించి కొత్తది వేయించాం. కొత్త సిమెంటులో క్షారం బాగా ఎక్కువ, వెంటనే రంగు వేస్తే రంగును మాడ్చేస్తుంది, అందుకే కనీసం 28 రోజులు ఆగాలంటారు. మేస్త్రి గారు ఇంకా ఆగమన్నారు. దాదాపు మూడు నెలలు ఆ గోడ బూడిద రంగులో అలాగే ఉంది. వచ్చినవాళ్లందరూ అడిగారు. ప్లాస్టిక్ కవరు వెనక చుక్క తడి కనిపించని రోజున రంగు వేయించాం. ఇప్పటికి ఎన్నో వానలు చూసింది, ఒక్క బుడగ లేవలేదు.

ఈసారి పడమటి గోడ ఒక్కదానికే వేయిస్తున్నాను. కొత్త రంగుకూ పక్క గోడకూ తేడా తెలుస్తుందేమో అన్నారు ఇంట్లో. తెలుస్తుంది, కానీ గోడ మూల దగ్గర ఆపితే కంటికి అంతగా కొట్టదు. తూర్పు గోడను వచ్చే ఏడాది మళ్లీ చెయ్యి పెట్టి చూస్తాను. ఉత్తరం గోడను కడిగిస్తే చాలు. పై గది కిటికీ మూల దగ్గర పగులు పక్కన నా పెన్సిల్ గీత ఉంది, పక్కన తేదీ కూడా. పొద్దున చూసినప్పుడు పగులు ఆ గీతకు ఇవతలే ఆగి ఉంది.